ఇబ్రహీంపట్నం అభివృద్ధి ప్లానులో మా యాడి బుట్ట ఎక్కడుంది?

పోస్టు పెద్దగయింది. పరీక్షల టైములో ఇంత పొడుగు రాసినందుకు తిట్టుకోకండి. మొత్తం చదివే ఓపిక లేనోళ్లు వీధి వ్యాపారుల చట్టం గురించి రాసిన కాడికన్నా రండి. అది మన అమ్మలకు రేపు పొద్దున్నే పనికొస్తది.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఫ్యూచర్ సిటీ మ్యాపు పెట్టిండు. కింద కామెంట్లు చూసిన. "ఇగ మన ఇబ్రహీంపట్నం దశ తిరిగింది" అని ఒకరు, "మన తండా భూములకు కోట్లు" అని ఇంకొకరు, మధ్యలో విమానం బొమ్మలు, చప్పట్లు. నేను కూడా ఒక చప్పట్ల బొమ్మ పెట్టి ఫోన్ పక్కన పెట్టిన. గంట గడవక ముందే మా యాడి ఫోన్. బుట్ట తీసేయమన్నరట, నెలలో మూడోసారి. ఏ ఊర్ల, ఏ ఆఫీసోళ్లు అని ఇక్కడ రాయను, నా గొడవ ఒక ఆఫీసుతోని కాదు. సీతాఫలాలు సగం అమ్ముడుపోయినయి, సగం రోడ్డు అవతలకు మోసుకపోయేసరికి అడుగుకున్నవి నలిగిపోయినయి. ఆమె కోపంగ కూడా చెప్పలే. "ఎక్కడ కూసోవాల్నో ఒక్కసారి చెప్తే అక్కడనే కూసుంట కదరా, సదువుకున్నవు, నువ్వన్న అడుగు" అన్నది.

ఆ మాట పట్టుకొని పది రోజులు చదివిన. గ్రూప్-2 పుస్తకాలల్ల పాలిటీ చాప్టరు ఎన్నిసార్లు తిరగేసినమో కదా, 74వ రాజ్యాంగ సవరణ, 12వ షెడ్యూలు, 18 అంశాలు, బిట్ పేపర్ల టిక్కు పెట్టి ముందుకు పోతం. ఆ 18లో మూడోది ఏందో గుర్తున్నదా? ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక. పదకొండోది పట్టణ పేదరిక నిర్మూలన. అంటే ఊరి ఆర్థిక వ్యవస్థ ఎటు పోవాల్నో ఆలోచించే పని చెత్త బండి, నల్లా నీళ్లు, వీధి దీపాలతోపాటు పట్టణ సంస్థకు అప్పగించదగ్గదని 1992లోనే రాసిపెట్టిన్రు. మనం మాత్రం మున్సిపాలిటీ అంటే ఇంటి పన్ను, జనన ధ్రువపత్రం అనుకుంటం. వాళ్లూ అట్లనే అనుకుంటున్నరేమో అని నా అనుమానం.

ఇప్పుడు మన ప్రాంతంలో అసలు ప్లాను ఎవరు వేస్తున్నరో చూడండి. ఆదిబట్లలో విమాన విడిభాగాల పార్కు వచ్చింది టీజీఐఐసీ ద్వారా, అప్పట్ల దాని పేరు ఏపీఐఐసీ. టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ 2018 మార్చి 1న మొదలైంది. అపాచీ హెలికాప్టర్ బాడీలు అక్కడ తయారైతయి. సీ-130జె విమానం తోక భాగాలు చేసే యూనిట్ కూడా అక్కడనే. దాని పక్కపొంటి టీసీఎస్ క్యాంపస్. కొంగరకలాన్‌ల 2022 ఆగస్టులో కొత్త కలెక్టరేట్ తెరిచిన్రు, 2023 మే నెలల ఫాక్స్‌కాన్‌కు శంకుస్థాపన చేసిన్రు. యాచారం, కందుకూరు దిక్కు ఫార్మాసిటీ పేరు మీద వేల ఎకరాలు తీసుకున్నరు, అందుల అసైన్డ్ భూములు కూడా ఉన్నయి. ఆ తర్వాత పేరు మారి ఫ్యూచర్ సిటీ అయింది. 2025 మార్చిల ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడ్డది. 7 మండలాలు, 56 రెవెన్యూ గ్రామాలు, దాదాపు 765 చదరపు కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం, కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, మహేశ్వరం మండలాల పేర్లు అందుల ఉన్నయి. మన గ్రూపుల సగం మంది ఇండ్లు ఈ మండలాలల్లనే ఉంటయి.

ఈ లిస్టుల మున్సిపాలిటీ ఎక్కడన్న కనిపించిందా? భూమి ఇచ్చేది టీజీఐఐసీ, లేఅవుట్ గీసేది హెచ్‌ఎండీఏ లేకపోతే ఎఫ్‌సీడీఏ, కంపెనీతో సంతకం పెట్టేది సెక్రటేరియట్. ఊరి జనం ఓటేసి గెలిపించుకున్న కౌన్సిల్ ఈ సంతకాల కాడ ఎక్కడా లేదు. 2020 జనవరిల ఎన్నికైన మున్సిపల్ కౌన్సిళ్ల గడువు 2025 జనవరిల అయిపోయినంక ఆ కౌన్సిల్ కూడా లేకుండ ప్రత్యేక అధికారులే నడిపిన్రు. మంచి ప్లానో చెడ్డ ప్లానో తర్వాత సంగతి. ప్లాను మన మీదికి వస్తున్నది గాని మన లోపల నుంచి పుడుతలేదు.

పన్ను సంగతి ఇంకా ఆసక్తిగ ఉంటది. టీజీఐఐసీ పార్కులను 'ఐలా' అని, అంటే పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ అని ప్రకటిస్తరు. అట్ల ప్రకటించిన చోట కంపెనీల ఆస్తి పన్ను వసూలు చేసేది ఐలానే. అందుల 35 శాతం పక్కనున్న స్థానిక సంస్థకు పోతది, మిగిలిన 65 శాతం ఆ పార్కు లోపలి రోడ్లకు, లైట్లకు, డ్రైనేజీకే ఖర్చు పెడతరు. కంపెనీలు రావాలంటే లోపల రోడ్డు బాగుండాలి, ఒప్పుకుంట. కానీ గేటు బయట లారీలు తిరిగి పాడైన రోడ్డు, పొద్దుగాల షిఫ్టుకు వచ్చే వేల మంది తాగే నీళ్లు, వాళ్లుండే కిరాయి రూముల చెత్త, ఇవన్నీ ఆ 35 శాతంల నుంచే కదా. దానికి తోడు 2025 డిసెంబరుల ఓఆర్‌ఆర్ లోపల, దాని అంచున ఉన్న 27 పట్టణాలను జీహెచ్‌ఎంసీల కలిపిన్రు. ఆదిబట్ల అందుల పోయింది. ఇబ్రహీంపట్నం పోలే. అంటే మండలంల ఫ్యాక్టరీలున్న ముక్క మహానగరం లెక్కల చేరింది, పాత బజారు, బస్టాండు, అడ్డా ఉన్న ముక్క మనకు మిగిలింది.

నేను ఫ్యాక్టరీలకు వ్యతిరేకం కాదు, మొదలే చెప్తున్న, లేకపోతే కామెంట్లల్ల నన్ను అభివృద్ధి నిరోధకుడిని చేస్తరు. ఆదిబట్ల వచ్చినంక సాగర్ రోడ్డు మీద టిఫిన్ బండ్లు పెరిగినయి, రూముల కిరాయిలు వచ్చినయి, బొంగ్లూరు కాడ రాత్రి పది దాటినా దుకాణాలు తెరిచే ఉంటయి. షేరిగూడ, మంగళ్‌పల్లి దిక్కు ఇంజినీరింగ్ కాలేజీలు లేకపోతే ఎన్ని జిరాక్స్ షాపులు, ఎన్ని మెస్సులు మూతపడతయో లెక్కపెట్టండి. అది కూడా లోకల్ ఎకానమీనే. నా బాధల్లా, మనోళ్లు ఆ గేటు కాడ ఏ వైపున నిలబడ్డరు అనేదాని మీదనే.

మా తమ్ముడు డిప్లొమా మెకానికల్. ఒక పెద్ద కంపెనీల పని దొరికింది అంటే తండాల స్వీట్లు పంచినం. పోయినంక తెలిసింది, కంపెనీల కాదు, కంపెనీకి మనుషులను ఇచ్చే కాంట్రాక్టరు దగ్గర, హౌస్‌కీపింగ్. మెషీను ఉన్న హాలు ఊడుస్తడు, మెషీను ముట్టడు. వాడే నవ్వుకుంట చెప్పిండు, "అన్న, నేను విమానం కింద పని చేస్తున్న" అని. కంపెనీ పేరెందుకు, ఇట్లాంటివి మీ ఇండ్లల్ల కూడా ఉంటయి. ఇక్కడ ఒక చట్టం గుర్తు చేస్త. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థ, కాంట్రాక్టు మనుషులను కలుపుకొని, మొత్తం బలంల 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. అందుల ఎస్సీ, ఎస్టీలకు సీట్లు ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ మార్చే పని పెట్టుకున్నది. మీర్‌ఖాన్‌పేటల స్కిల్ యూనివర్సిటీకి 2024 ఆగస్టు 1న పునాది రాయి వేసిన్రు. ఈ మూడిటిని కలిపి, "మా మండలం తండాల నుంచి ఎంతమంది పిల్లలు ఏ ట్రేడుల ఉన్నరు, ఏ కంపెనీకి ఏ ట్రేడు కావాలి" అని ఒక్క పేజీ తయారు చేయడానికి ఎవరి అనుమతి కావాలి? ఊరి పరిపాలన చేసేటోళ్లు ఒక కుర్చీ, ఒక రిజిస్టరు పెట్టుకొని చేయొచ్చు. అది కూడా ఆర్థిక ప్రణాళికనే.

ఇంకో సంగతి ఉన్నది, దీన్ని మనోళ్లల్ల చాలామంది పట్టించుకుంటలేరు. పట్టణం పెరిగినకొద్దీ పక్క ఊర్లను, తండాలను అందుల కలుపుతరు. కలిపినప్పుడు డప్పులు కొడతరు. 2018 పంచాయతీరాజ్ చట్టంతోని "మా తండాల మా రాజ్యం" అని మనోళ్లు ఎన్నేండ్లో కొట్లాడి తండాలను పంచాయతీలు చేసుకున్నరు. మొత్తం ఎస్టీలే ఉన్న పంచాయతీల సర్పంచు, వార్డు సభ్యులు అందరు ఎస్టీలే ఉండాలని ఆ చట్టంలనే ఉన్నది. తండా మున్సిపాలిటీల కలిస్తే ఆ సర్పంచు కుర్చీ మాయం, ఒక వార్డుల మూల ముక్క అయితది. దాంతో పాటు ఉపాధి హామీ బంద్. 2005 చట్టం 100 రోజులు అన్నది, దాని స్థానంల 2025 చివర్ల వచ్చిన కొత్త చట్టం 125 రోజులు అంటున్నది. రెండూ గ్రామాలకే. మ్యాపు మీద గీత జరిగితే మా పెద్దమ్మ గడ్డపార పట్టే పని పోతది, ఆమె ఇల్లు మాత్రం అక్కడనే ఉంటది. ఆస్తి పన్ను పట్టణం లెక్కల వస్తది, పని మాత్రం రాదు.

దీనికి దారి లేదా అంటే ఉన్నది. కేరళ 2010లోనే అయ్యంకాళి పేరు మీద పట్టణ ఉపాధి హామీ పెట్టింది. రాజస్థాన్ 2022ల పట్టణాలకు 100 రోజుల పని మొదలుపెట్టింది. ఒడిశా కరోనా టైముల పట్టణ కూలీలకు పని పథకం తెచ్చింది. చెరువు పూడిక, కాలువలు, నర్సరీలు, పార్కులు, పట్టణంల పనికి కొదవ ఉందా? ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఒక్కటే చూడండి, కుతుబ్‌షాహీల కాలం నాటిది, దాని ఫీడర్ కాలువలు సాఫు చేస్తే ఎన్ని పనిదినాలు వస్తయో. విలీనం అయ్యే ప్రతి తండా వాళ్లు కాగితం మీద ముందే అడగాలి: ఉపాధి పోతే దాని బదులు ఏమిస్తరు?

ఇగ అసలు సంగతికి వస్త, మా యాడి బుట్ట.

వీధి వ్యాపారుల చట్టం 2014. పార్లమెంటు చేసిన చట్టం, దేశం మొత్తానికి. నేను కూడా ఇన్నేండ్లు రోడ్డు పక్కన అమ్ముడంటే ఆఫీసోళ్లు దయ తలిస్తే నడిచేది అనుకున్న. కాదు. ఈ చట్టం ప్రకారం ప్రతి పట్టణంల టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షుడు కమిషనర్. కమిటీ సభ్యులల్ల కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లను వ్యాపారులే ఓటేసి ఎన్నుకోవాలి. ఆ వ్యాపారుల ప్రతినిధులల్ల మూడో వంతు ఆడోళ్లు. ఎస్సీ, ఎస్టీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని కూడా రాసి ఉన్నది. కనీసం ఐదేండ్లకు ఒకసారి సర్వే చేయాలి, సర్వేల దొరికినోళ్లకు వెండింగ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపొద్దు. తర్వాత జరపాల్సి వచ్చినా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాను గుంజుకపోతే దానికి లిస్టు రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. కుళ్లిపోయే సరుకైతే అదే రోజు, మిగతాదైతే రెండు పనిదినాలల్ల తిరిగి ఇయ్యాలి. సీతాఫలం ఏ రకం సరుకో చెప్పక్కర్లేదు.

అందుల ఒక మాట నాకు బాగా నచ్చింది, సహజ మార్కెట్. అమ్మేటోళ్లు, కొనేటోళ్లు ఎవరూ చెప్పకుండనే అలవాటుగ కలుసుకునే జాగ అన్నమాట. బస్సు ఆగే చోటు, గుడి మలుపు, అంగడి రోజు నిండే రోడ్డు. సర్వేల అట్ల గుర్తించిన చోటును అమ్మకం నిషేధం అని ప్రకటించొద్దని చట్టమే అంటది. 50 ఏండ్లు దాటిన సహజ మార్కెట్టును వారసత్వ మార్కెట్టుగ ప్రకటించి అక్కడి వాళ్లను కదపొద్దు అని కూడా ఉన్నది. మా నాయినమ్మ సాగర్ రోడ్డు మీద మోదుగాకులు, చీపుర్లు అమ్మిన కాలం నుంచి లెక్కేస్తే మన ప్రాంతంల ఇట్లాంటి జాగలు ఎన్ని బయటపడతయో ఆలోచించండి.

పీఎం స్వనిధి కూడా దీనికే ముడిపడి ఉన్నది. 2020 జూన్‌ల మొదలైనప్పుడు మొదటి లోను 10,000. 2025ల దాన్ని మార్చి మొదటి విడత 15,000, రెండో విడత 25,000, మూడో విడత 50,000 చేసి 2030 మార్చి దాకా పొడిగించిన్రు. మన తండాలల్ల ఒక తప్పుడు మాట నడుస్తున్నది, "మనది పట్టణం కాదు, మనకు రాదు" అని. పక్క గ్రామాల నుంచి వచ్చి పట్టణం హద్దుల్ల అమ్ముకునేటోళ్లు కూడా అర్హులే. మున్సిపాలిటీ లేదా వెండింగ్ కమిటీ నుంచి సిఫార్సు పత్రం ఉండాలి, అంతే. ఆ పత్రం అడిగేందుకే మన అమ్మలు ఆఫీసు మెట్లెక్కరు. ఎక్కితే "ఆధార్‌ల అడ్రసు వేరే ఉన్నది" అంటరని భయం. ఈ ఒక్క ముక్క చదివి మీ ఇంట్ల చెప్పినా ఈ పోస్టు రాసినందుకు నాకు చాలు.

మార్కెట్టు జాగ, నీడ, నీళ్లు, మరుగుదొడ్డి, తక్కువ వడ్డీ లోను. వినడానికి చిన్నయే. కానీ లెక్కల పెట్టి చూడండి. బుట్ట మీద బతికే ఆడమనిషికి రోజుకు వందో నూటయాభయ్యో ఎక్కువ మిగిలితే ఆ పైసలు మళ్ల ఇదే ఊరి కిరాణల, బట్టల షాపుల, ట్యూషన్ ఫీజుల తిరుగుతయి. పెద్ద కంపెనీ లాభం ఎక్కడికి పోతదో మనకెట్ల తెలుస్తది, యాడి లాభం మాత్రం సాయంత్రానికి ఇబ్రహీంపట్నంలనే ఖర్చయితది.

ఇంకొకటి, కొనుగోలు. ఇది నేను ఇంగ్లాండుల ప్రెస్టన్ అనే ఊరు గురించి చదివినప్పుడు తట్టింది. ఆ ఊరోళ్లు కూడా మన లెక్కనే ఒక పెద్ద ప్రాజెక్టు కోసం ఏండ్లకేండ్లు ఎదురు చూసిన్రు. 70 కోట్ల పౌండ్ల షాపింగ్ సెంటరు. 2011ల పెద్ద కంపెనీ తప్పుకోంగనే అది కూలిపోయింది. అప్పుడు అక్కడి నగర కౌన్సిల్ ఒక చిన్న ప్రశ్న వేసింది: మన ఊర్లనే ఉన్న యూనివర్సిటీ, కాలేజీలు, పోలీసు, కౌన్సిళ్లు, ఏటా వీళ్లు కొనే సరుకు, సేవల్ల మన ఊరోళ్ల దగ్గర ఎంత కొంటున్నరు? లెక్క తీస్తే 5 శాతమే. టెండర్లను చిన్న ముక్కలు చేసిన్రు, లోకల్ వాళ్లకు ముందుగ సమాచారం ఇచ్చిన్రు. 2016-17 నాటికి అది 18 శాతం దాటింది. కొత్తగ ఒక్క పైస తేలేదు, ఉన్న పైస దారి మార్చిన్రు. ప్రెస్టన్ వేరు, మనం వేరు, వాళ్ల కౌన్సిలుకు ఉన్న స్వేచ్ఛ మన మున్సిపాలిటీకి లేదు, అదీ తెలుసు. కానీ ప్రశ్న అడగడానికి స్వేచ్ఛ అక్కర్లేదు కదా.

మన చుట్టు ఎన్ని వంటశాలలు ఉన్నయో చూడండి. ప్రభుత్వ హాస్టళ్లు, గురుకులాలు, ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లు, ఆదిబట్ల క్యాంటీన్లు, కొంగరకలాన్ కలెక్టరేట్. ఒక్క 300 మంది ఉన్న హాస్టల్ తీసుకుందం. మనిషికి రోజుకు 150 గ్రాముల కూరగాయ అనుకున్నా రోజుకు 45 కిలోలు, నెలకు 1,350 కిలోలు. ఇట్లాంటి హాస్టళ్లు పది ఉంటే నెలకు పదమూడున్నర టన్నులు. మంచాల, యాచారం తండాలల్ల టమాట, వంకాయ, బెండకాయ పండించి హైదరాబాదు మార్కెట్టుకు ఆటో కిరాయి పెట్టి మోస్తం, అక్కడ కమీషన్ పోంగ చేతికొచ్చేది ఎంతో మీకు తెలుసు. అదే కూరగాయ మళ్ల వ్యాన్ల ఎక్కి ఇబ్రహీంపట్నం హాస్టల్ వంటింటికి వస్తది. హాస్టల్‌ల కూసొని మనమే తింటం. నవ్వొస్తది గాని నిజం.

మహిళా సంఘాలకు పని ఇయ్యడం కొత్త కాదు. 2024ల బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని రాష్ట్రమంత సంఘాల మహిళలకే ఇచ్చిన్రు. అదే తీరుగ తండా సంఘాలకు హాస్టల్ కూరగాయల వంతు ఎందుకు ఇయ్యరాదు? కూరగాయల కాడ ఎరుకల మిత్రుల బుట్టలు కూడా వస్తయి, మరిచిపోకండి. పట్టణంల మెప్మా, పల్లెల్ల సెర్ప్ అనే గోడ ఒకటి అడ్డం వస్తది. తండా పల్లె కిందికి, హాస్టల్ పట్నం కిందికి. ఈ గోడ దాటియ్యాల్సింది కలెక్టరే.

అడ్డా గురించి చిన్నగ చెప్పి ముగిస్త. చౌరస్తల పొద్దున ఆరింటికి నిలబడేటోళ్లల్ల మనోళ్లు ఎక్కువే. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టాల ప్రకారం కట్టడాల మీద 1 శాతం సెస్సు కట్టాల్సి ఉండేది, అది కార్మికుల సంక్షేమ బోర్డుకు పోయేది. ఆదిబట్లల, సాగర్ రోడ్డు మీద లేచే ప్రతి అపార్ట్‌మెంటు మీద ఆ సెస్సు పడ్డది. ఏడాదిల 90 రోజులు కట్టడం పని చేసిన, 18 నుంచి 60 ఏండ్ల వయసున్న కూలీకి లేబర్ కార్డు వస్తది. పెండ్లి సాయం, కాన్పు సాయం, ప్రమాదం జరిగితే పరిహారం, అన్నీ ఆ కార్డు మీదనే. అడ్డా కాడ ఒక షెడ్డు, మంచినీళ్లు, నెలకు ఒక రోజు లేబర్ కార్డుల క్యాంపు పెడితే పట్టణానికి ఏం ఖర్చు? తెలంగాణ మున్సిపల్ చట్టం 2019 మొక్కలకు బడ్జెట్టుల 10 శాతం పక్కకు పెట్టాలన్నది, నాటినయి 85 శాతం బతకకపోతే చర్యలు తప్పవన్నది. మంచిదే. మొక్కకు గీసినంత గట్టి గీత అడ్డా మీద నిలబడ్డ మనిషికి కూడా గీస్తే బాగుండు.

ఇది ఒక అన్నతో మాట్లాడితే ఆయన కోప్పడ్డడు. "మన అమ్మలు బుట్ట మోసింది మనం మళ్ల బుట్ట గురించే మాట్లాడేందుకా? ఎస్టీ రిజర్వేషన్ 2022ల 10 శాతం అయింది, గ్రూప్స్ కొట్టు, ఆఫీసర్ అయినంక మార్చు" అన్నడు. ఆయన బాధ నాకు అర్థమైతది. బుట్టను గొప్ప చేసి చూపెట్టడం నాకు కూడా ఇష్టం లేదు. మా యాడి బుట్ట దించాలనే నేను చదువుతున్న. కానీ మన గ్రూపుల ఎంతమందికి ఆ ఉద్యోగం వస్తది? వచ్చేదాకా, రానోళ్లకు, వచ్చే ఆశ లేని మన అమ్మలకు ఇదే ఊరు కదా. ఇంకొక మాట, ఆయన నొచ్చుకోవద్దు: ఆఫీసర్ అయినోళ్లు మన దగ్గర కూడా ఉన్నరు. వాళ్లకు వెండింగ్ కమిటీ గురించి ఎవరూ ఇంటర్వ్యూల అడగలే, మనమూ అడగలే.

సరే, పని చెప్తున్న. నేను సమాచార హక్కు దరఖాస్తు రాసి పెట్టిన, 10 రూపాయల ఫీజు, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలి. నాలుగే ప్రశ్నలు. టౌన్ వెండింగ్ కమిటీ ఎప్పుడు ఏర్పడ్డది, అందుల ఎస్టీ సభ్యులు, ఆడోళ్లు ఎంతమంది? చివరి వీధి వ్యాపారుల సర్వే ఏ తేదీల జరిగింది, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చిన్రు, అందుల పక్క గ్రామాల నుంచి వచ్చి అమ్మేటోళ్లకు ఎన్ని? పోయిన మూడేండ్లల్ల స్వనిధి సిఫార్సు పత్రాలు ఎన్ని ఇచ్చిన్రు? స్థానిక ఆర్థిక అభివృద్ధి మీద కౌన్సిల్ చేసిన తీర్మానాల కాపీలు. దీన్ని ఇబ్రహీంపట్నం వాళ్లే కాదు, ఆమనగల్లు దిక్కున్నోళ్లు కూడా వాళ్ల పట్టణం పేరు మార్చి వేసుకోవచ్చు. కావాలంటే కింద కామెంట్ పెట్టండి, ఫైలు పంపిస్త.

సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది. హాస్టల్ కూరగాయల విషయం మీద ఒక వినతిపత్రం తయారైంది. తండా సంఘాల నుంచి ఇద్దరు అక్కలు వస్తమన్నరు. మనోళ్లు కనీసం ఐదుగురన్న ఉండాలి, తెల్లకాగితం మీద సంతకాలు కాదు, మనుషులు కావాలి. బస్సు టైము, కలిసే చోటు రాత్రికి పెడత. మా యాడి కూడా వస్తనన్నది. అయితే మధ్యాహ్నం లోపల పంపియ్యాలట, ఆ రోజు అంగడున్నది.